నల్లమందలో ఒకే గీత

మొన్న చలి మొదలవగానే మోకాళ్ల మీద కప్పుకోవడానికి ఒక కంబళి కొందామని, ఆటో ఎక్కితే నడక మరిచిపోతానని మొండికేసి, బళ్లారిలో మా బ్రూస్‌పేట సందుల గుండా అంగళ్ల దాకా నడిచే వెళ్లాను. అంగడతను మర్యాదస్తుడు, కుర్చీ వేసి కూర్చోబెట్టి ఒకదాని మీద ఒకటి కంబళ్లు పరిచాడు. అన్నీ నల్లనివే, అన్నీ మిల్లులో ఒకే అచ్చులోంచి ఊడిపడ్డట్టు ఉన్నవే. ఒక్క తెల్ల వెంట్రుక వెతికి చూపిస్తే ఊరికే ఇచ్చేస్తానని పందెం కూడా వేశాడు. తెల్ల వెంట్రుకలున్నదే నాకు కావాలి నాయనా అన్నాను. ఈ ముసలమ్మకు ఏమైనా అయిందా అన్నట్టు కాసేపు నా మొహం చూసి, పని కుర్రవాణ్ణి అటక ఎక్కించి, దుమ్ము కొట్టుకుపోయిన ఒక కంబళి దింపించాడు. “ఇది దోషమున్న సరుకమ్మా. మచ్చ గొర్రెల బొచ్చు కలిసిపోయుండాది. మీకిచ్చేదానికి నాకే నామోషీగా ఉండాది” అన్నాడు. నాకు నవ్వాగలేదు. అంగట్లో నలుగురూ తిరిగి చూసేలా నవ్వేసి, ఆ దోషమున్న సరుకునే చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చి దాన్ని ఒళ్లో పరుచుకుంటే, నలుపు మధ్య అక్కడక్కడా తెల్లగా, గోధుమరంగుగా మెరిసే ఆ వెంట్రుకల వెంట నా మనసు మా మేనమామ దొడ్డి దాకా పరుగెత్తింది. ఈ అంగడతను అన్న మాట మా మామ వినుంటే ఏమనేవాడా అని ఆలోచించాను. ఒకప్పుడైతే భుజం తట్టి, మగాడంటే నువ్వప్పా అనేవాడు. ఆ తరువాత రోజుల్లో అయితే కంబళి లాక్కుని నాలుగు తిట్టి వచ్చేవాడు. ఆ ఒకప్పటికీ, ఆ తరువాతకూ మధ్య జరిగిన కథలో నాకూ కొంచెం భాగముంది కాబట్టి చెబుతున్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఆడపిల్ల జంతుశాస్త్రం చదివిందంటే బడిలో టీచరైనా కావాలి, పెళ్లి చేసుకుని ఆ పుస్తకాలను అటకెక్కించైనా ఉండాలి. నేను ఆ రెండూ కాదని, బళ్లారిలోనే ఒక చిన్న పరిశోధనశాలలో సహాయకురాలిగా చేరాను. పరిశోధనశాల అనగానే మీరు తెల్లటి గోడలూ గాజు తలుపులూ ఊహించుకోకండి. పెంకుటింట్లో వెనక గదులు, డొక్కు ఫ్రిజ్జు ఒకటి, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు, వీటన్నిటినీ చిరునవ్వుతో భరించే మా సారు ఒకరు. మా పనల్లా బళ్లారి చుట్టుపక్కల గొర్రెల మందల్లో పుట్టుకతో వచ్చే తేడాలు ఎంత మేర ఉన్నాయో కొలవడం. మా అమ్మ ఇరుగుపొరుగుతో మా పిల్ల గొర్రెలు చూసే ఉద్యోగం చేస్తోందని చెప్పుకోలేక, సర్కారు పని అని ఒక్క మాటతో దాటేసేది.

గొర్రెల్లో తేడాలు కొలవడమేమిటి, కంటికి కనబడటం లేదా అని అప్పుడు అందరూ అడిగేవారు. రంగు, కొమ్ము, చెవి పొడుగు, ఇవి సంతలో బేరగాడికి కూడా కనిపిస్తాయి. మాకు కావలసింది లోపలి తేడా. ప్రతి పిల్లకూ తల్లి నుంచి ఒక వాటా, తండ్రి నుంచి ఒక వాటా అందుతాయి కదా, రక్తంలో ఉండే ఫలానా ప్రొటీను తల్లి నుంచి ఒక రకంగానూ తండ్రి నుంచి ఇంకో రకంగానూ రావచ్చు, ఇద్దరి నుంచీ ఒకే రకం రావచ్చు. పని రెండు రకాలూ ఒకటే చేస్తాయి, కానీ కరెంటు పెట్టామంటే ఒక రకం చురుగ్గా ముందుకు పోతుంది, ఇంకోటి నిదానంగా నడుస్తుంది. అందుకని మేము బంగాళాదుంప పిండిని జావలా కాచి, పళ్లెంలో పోసి, గడ్డపెరుగులా బిగుసుకున్నాక ఒక అంచున వరసగా గంట్లు పెట్టి, ఒక్కో గంటులో ఒక్కో గొర్రె రక్తం చుక్క వేసి, రెండు కొసలా కరెంటు తగిలించి గంటల తరబడి కాపలా కూర్చునేవాళ్లం. ఆ తరువాత రంగు నీళ్లలో ముంచితే నీలి గీతలు తేలేవి. ఒకే గీత వచ్చిందంటే తల్లీ తండ్రీ ఇచ్చినవి ఒకే రకం. రెండు గీతలు వచ్చాయంటే వేరువేరు రకాలు. మందలో జంట గీతల గొర్రెలు నూటికి ఎన్ని ఉన్నాయో లెక్కగడితే ఆ మంద లోపల ఎంత తేడా మిగిలి ఉందో ఒక అంచనాకు వచ్చేవాళ్లం. ఒక్క ప్రొటీను చూసి తీర్పు చెప్పకూడదు, చాలా వాటిని చూడాలి అని మా సారు రోజూ అనేవారు, మళ్లీ జావ కాచించేవారు.

ఆ పిండి ఉడికే వాసనకు నాకు ప్రతిసారీ మా అత్త గుర్తొచ్చేది. కంబళి పడుగు దారాలకు పూయడానికి ఆమె చింతగింజల గంజి కాచినప్పుడు ఇల్లంతా అలాంటి వాసనే వేసేది. మా అత్త అంటే మా మేనమామ పెళ్లాం. కంప్లి పోయే రోడ్డు పక్కన వాళ్ల ఊరు, నా సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిచాయి. మామకు నాలుగు చెక్కల పొలం ఉన్నా అది పేరుకే, ఇల్లు నడిచేదంతా గొర్రెల మీదే. ఆ మందంటే ఆయనకు ప్రాణం. మందలో ఒక్క మచ్చ ఉండేది కాదు. పొద్దున దొడ్డి తలుపు తీస్తే నల్లటి నీళ్లు కట్ట తెంచుకుని పారినట్టు ఒక్కసారి బయటికి వచ్చేవి. రోడ్డున పోయే బస్సులోంచి జనం తలలు బయటపెట్టి చూసేవారు. మా మామ ఆ టైముకు మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడటానికే తెల్లవారుజామున లేచేవాడేమోనని మా అత్త ఎగతాళి చేసేది.

నిజానికి ఆ నలుపు వెనక తెలివి కూడా లేకపోలేదు. రంగు వెయ్యకుండానే నల్లగా నేసే కంబళికి అప్పట్లో గిరాకీ ఎక్కువ. అందుకని మామ, పుట్టిన పిల్లకు ఎక్కడ చిన్న మచ్చ కనిపించినా దాన్ని సంతకు తోలేసేవాడు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ మచ్చ రాకూడదన్న పట్టుదలతో ఆయన బయటి పొట్టేలును దొడ్డిలోకి రానివ్వడం మానేశాడు. కాటుకలా ఉండే ఒక పొట్టేలును విత్తనానికి పెట్టుకున్నాడు, దాని తరువాత దాని కొడుకును, ఆ తరువాత ఆ కొడుకు కొడుకును. ఇదిగో, మా కథంతా ఇక్కడే ఉంది.

ఎందుకంటే ఆ చుట్టుపక్కల మందలవాళ్లకు ఒక ఆచారం ఉండేది. దీపావళి మరునాడు, పాడ్యమి రోజున, గొర్రెలకు పసుపూ కుంకుమా పెట్టి, మెడలో బంతిపూలు కట్టి, ఊరవతల బయలుకు తోలుకొచ్చేవారు. అక్కడ ఒక మందాయన ఇంకో మందాయనకు ఒక పొట్టేలు పిల్లను ఇవ్వాలి. ధర లేదు, బేరం లేదు. ఏది ఇవ్వాలన్నది ఇచ్చేవాడి ఇష్టం, పుచ్చుకునేవాడు ఎంచకూడదు. అయితే ఇచ్చినవాడే ఆ పిల్లకు పూచీ. దానివల్ల మంద చెడిందంటే ఇచ్చినవాడు ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, మా సారుకు చెబితే కుర్చీలోంచి లేచి నిలబడి, ఇంతకన్నా బాగా నేను కూడా పెట్టలేనమ్మా అన్నారు.

ఒక పాడ్యమి రోజున దగ్గర్లోని కప్పగల్లు ఊరి నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన మాటంటే చుట్టుపక్కల గురి ఉండేది, మా మామకు ఒక బొల్లి పొట్టేలు ఇచ్చాడు. ముఖం మీద తెల్ల మచ్చ ఉంటే బొల్లి అంటారు మావైపు. మామ పుచ్చుకున్నట్టే పుచ్చుకుని, మరునాడు దాన్ని మనిషిచేత తిప్పి పంపించాడు. అలాంటిది ఎవరూ విని ఉండరు. పెళ్లిలో పెట్టిన బట్టలు వాకిట్లో పారేసినంత పని. పెద్దాయన ఒక్క మాట అనలేదు, కానీ ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు, మామ ఆ బయలుకు వెళ్లడమూ మానేశాడు.

కొన్నేళ్లు బాగానే గడిచింది. ఆ తరువాత ఒకసారి మా అత్త కూరగాయల సంచితో మా పరిశోధనశాల గుమ్మంలో ప్రత్యక్షమైంది. “ఏమే, ఊళ్లోవాళ్ల గొర్రెలన్నిట్నీ సూదులతో పొడుస్తాండావంట, మన మంద నీ కంటికి ఆనలేదా?” అని దెప్పి, కూర్చున్నాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. పుట్టిన పిల్లలు లేచి నిలబడలేకుండా ఉన్నాయి, కొన్ని గొర్రెలు చూలు కట్టడమే లేదు, కట్టినవాటికి కడుపులు నిలవడం లేదు. మామ నోరు తెరిచి ఎవరికీ చెప్పడు. మేత సరిగా లేదంటాడు, దిష్టంటాడు. “ఈ మంద పోతే మాకేముండాది తల్లీ, మట్టి తింటామా?” అని ఆమె కళ్లొత్తుకుంది. నేను ఆ ఇంట తిన్న అన్నమంతా ఆ గొర్రెలు పెట్టిందే.

మరుసటి వారమే మంచుగడ్డల ఫ్లాస్కు భుజాన తగిలించుకుని కంప్లి బస్సెక్కాను. మామ మొదట ససేమిరా అన్నాడు, గొర్రె మెడలోంచి నెత్తురు తీస్తే లక్ష్మి పోతుందన్నాడు. నేనూ ఆయన మేనకోడలినే, నా మొండితనం ఎక్కడి నుంచి వచ్చింది మరి? దొడ్డి గుమ్మంలో అడ్డంగా కూర్చుని, నెత్తురు ఇస్తేగానీ అన్నం తిననన్నాను. మామ ఓడిపోయాడు. పక్షం తిరక్కుండా గీతలు తేలాయి. ఒకే పళ్లెంలో సగం గంట్లలో మేము ముందే తెచ్చిపెట్టుకున్న కప్పగల్లు మంద, సగం గంట్లలో మామ మంద. కప్పగల్లు వైపు ఒక గీత పైకి, ఒక గీత కిందికి, జంట గీతలు బోలెడు. మామ వైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా రూళ్లకర్ర పెట్టి గీసినట్టు ఒకే గీత. ఇంకో ప్రొటీను చూశాం, అదీ అంతే. మరోటి చూశాం, దాదాపు అంతే. మా సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను మామకు కబురు పంపాను.

ఆయన తలపాగా చుట్టుకుని వచ్చాడు. దీపం ముందు పళ్లెం పట్టి, ఇవి కప్పగల్లువాళ్లవి, ఇవి నీవి అని చూపించాను. మామ ఒంగి చూశాడు, ఇంకా ఒంగి చూశాడు, చూస్తూ చూస్తూ ఆయన మొహం పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది. “నా మందంతా ఒక్కటే గీత! చూసినావా పాపా, ఒక్కటన్నా వంకర పోయిందా? కలితీ ల్యా, ఏమీ ల్యా. ఇంగ ఆ కప్పగల్లోళ్లది చూడు, సంత కూడినట్టుండాది!” అన్నాడు. అయ్యో మామా, అది కాదు, కూర్చో చెబుతాను అంటూనే ఉన్నాను, ఆయన వింటేగా! బస్సు టైమైందని మా సారుకు రెండు చేతులెత్తి దండం పెట్టి గాలిలో తేలిపోతున్నట్టు వెళ్లిపోయాడు. బస్టాండులో మొదలుపెట్టి ఊరు చేరేదాకా, కనబడిన ప్రతివాడికీ చెప్పాడట, లాబులో నెత్తురు చూసినారు, నా మంద శుద్ధమని గీత గీసి చూపించినారు అని.

ఏం చెప్పమంటారు! వారం తిరిగేసరికి నా చెవిన పడిన సంగతికి నెత్తి పట్టుకుని కూర్చున్నాను. లాబువాళ్లే మెచ్చుకున్న మంద కదా అని, ఈ పాడ్యమికి నీ పొట్టేలు పిల్ల మాకివ్వప్పా అని చుట్టుపక్కల మందలవాళ్లు మామ వాకిట్లో బారులు తీరారు. మామ మాట ఇచ్చేశాడు, అందరికీ. ఇప్పటిదాకా ఒక్క దొడ్డిలో ఉన్న చిక్కు, మా కొలత పేరు చెప్పుకుని ఊరూరికీ పోబోతోంది. మా సారు ఎప్పుడూ నిదానస్తులు, ఆయన కూడా, వెళ్లి ఆపమ్మా, వాళ్లకు కావలసింది గీతలు కాదు, గీతల అర్థం అన్నారు.

నేను వెళ్లాను. మామ మందను చెలకలో మేపుతున్నాడు, మా అత్త గట్టు మీద కదురు తిప్పుతోంది. ఒకే గీత అంటే మెప్పు కాదు మామా, నీ గొర్రెలన్నీ లోపల ఒకటే అయిపోయాయి, తాతా తండ్రీ కొడుకూ ఒక్క నెత్తురే తిరిగి తిరిగి వస్తోంది, అందుకే పిల్లలు నిలవడం లేదు అని నేను నేరుగా చెప్పేశాను. మామ కర్ర నేలకేసి కొట్టాడు. “గీత నువ్వే చూపిస్తివి, ఇప్పుడు నువ్వే కాదంటాండావ్. ఏంది నీ కథ? నాలుగక్షరాలు సదివినావని నా మందకే వంకలు పెడతావా? నా నలుపు మీద అందరికీ కండ్లే!” అని అరిచాడు. నాకూ ఒళ్లు మండింది. నలుపు మీద నాకేం కోపం మామా, కప్పగల్లు మందలో కూడా కాటుకలాంటి గొర్రెలున్నాయి, వాటి లోపల ఎన్ని రకాలున్నాయో నేను చూశాను, తప్పు రంగుది కాదు, ఒక్క పొట్టేలును పట్టుకుని వేలాడటానిది అన్నాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇచ్చినవాడే పూచీ అన్న ఆచారం అప్పుడు నాకు గుర్తొచ్చింది.

“నీ దొడ్డిలో ఏమన్నా చేసుకో మామా, నేను మాట్లాడను. పరాయి మందలకు నీ మాట మీద పొట్టేళ్లు ఇస్తాండావే, రేపు వాళ్ల గొర్రెలు కూడా ఇట్లే ఈనకపోతే నీ మొగం యాడ పెట్టుకుంటావ్?” అన్నాను. కోపమొస్తే నా నోటికీ మా అమ్మవాళ్ల ఊరి మాటే వస్తుంది. మామ మళ్లీ కర్ర నేలకేసి కొట్టాడు. మా అత్త కదురు ఆపి, “అది అడిగేదానికి బదులు చెప్పు. సుమ్మనే కర్ర కొడితే ఏమొస్తాది?” అంది. ఆయన ఇద్దర్నీ వదిలేసి గొర్రెల వెనక నడుచుకుంటూ పోయాడు. నేను ఏడుస్తూ బస్సెక్కాను. మేనమామతో అలా మాట్లాడటం నాకు అదే మొదటిసారి, కానీ ఇప్పుడు మళ్లీ అవకాశమొచ్చినా అదే మాట అంటాను.

ఆ ఏడు వానలు ఆలస్యంగా కురిశాయి. వానల వెనకే గొర్రెలకు మూతి వాచి నాలుక నీలమయ్యే జ్వరం వచ్చింది. కప్పగల్లులో కొన్ని చచ్చిపోయాయి, కొన్ని మూలిగి లేచాయి, కొన్నిటికి వచ్చినట్టే తెలియలేదు. మామ దొడ్డిలో మాత్రం వరసపెట్టి అన్నీ ఒకే తీరుగా జబ్బుపడ్డాయి, బతికి లేచినవి కొన్నే. పశువుల డాక్టర్ను తీసుకుని వెళ్లేసరికి మా అత్త చనిపోయిన పిల్లల మీద గోనెపట్టా కప్పుతోంది. మామ దొడ్డి గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు, మీసం మీద చెయ్యి లేదు. ఒక్క జబ్బుతో ఇది రుజువైపోయిందని అనకూడదమ్మా, దానికి ఇంకా చాలా చూడాలి అని తరువాత మా సారు నన్ను సరిదిద్దారు. ఆ మాట నిజమే, శాస్త్రానికి అంత తొందర పనికిరాదు. కానీ ఆ పొద్దు గోడ పక్కన మామను చూసినప్పుడు నాకు శాస్త్రం గుర్తు రాలేదు. ఆయన పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

పాడ్యమి వచ్చింది. మామ మాట ఇచ్చిన వాళ్లందరూ బయల్లో ఎదురుచూస్తున్నారు. మా అత్తా నేనూ ఆడవాళ్లలో నిలబడ్డాం, ఆయన వస్తాడో రాడో ఇద్దరికీ తెలియదు, వస్తే పిల్లల్ని తోలుకొస్తాడేమోనన్న భయం వేరే. ఎండ ఎక్కుతుండగా మామ వచ్చాడు, ఒట్టి చేతులతో. నేరుగా అందరి మధ్యకూ వెళ్లి, కప్పగల్లు పెద్దాయన ఎదురుగా నిలబడి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

“అన్నా, నా పొట్టేళ్లు ఎవరికీ ఇయ్యను. ఆ గీత బాగుండాదని నేనే అనుకుంటి, ఊరంతా చెప్పుకుంటి. అది బాగలేదంట, పాప చెప్పినా ఇనకపోతిని. నాడు నువ్విచ్చిన బొల్లిదాన్ని తిప్పి పంపిస్తి. ఈ పొద్దు నేనే అడగతాండా. నువ్వు ఏది ఇస్తే అది.”

  పెద్దాయన మామను తేరిపార చూశాడు. “ఏమప్పా, ఎండన పడి వచ్చినావు, ముందు నీళ్లు తాగు” అని తన చెంబు అందించాడు. మామ తాగినంతసేపూ ఆగి, లేచి తన మందలోకి వెళ్లి, అటూ ఇటూ వెతికి వెతికి, ముఖాన ఇంత మచ్చ, వీపున ఇంత మచ్చ, ఒక కాలు తెలుపు, ఒక చెవి గోధుమరంగు, ఆ మందలో ఇంతకన్నా మచ్చలది లేదనిపించే ఒక పొట్టేలు పిల్లను పట్టుకొచ్చి మామ ముందు దింపాడు. “ఆయ్తప్పా, సరే, నా చేతికి ఇదే వచ్చె. మళ్లీ వంకలు పెట్టకూడదు” అన్నాడు. ముందు ఎవరో ముసిముసిగా నవ్వారు, తరువాత బయలంతా నవ్వింది, ఆఖరికి మా మామ కూడా నవ్వేశాడు, నవ్వుతూనే కళ్లు తుడుచుకుని ఆ పిల్లను భుజాన వేసుకున్నాడు. ఆ మందలవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి ఆయన భుజం తట్టి వెళ్లారు. మాట తప్పాడని ఒక్కరు కూడా అనలేదు. మా అత్త నన్ను గట్టిగా కరుచుకుంది, ఆమె కొంగంతా పసుపు వాసన.

ఆ మచ్చల పొట్టేలు పెరిగి దానికి పిల్లలు పుట్టాక మళ్లీ నెత్తురు తెచ్చి జావ కాచాను. రంగు నీళ్లలోంచి పళ్లెం పైకి తీస్తే, ఆ పిల్లల్లో ఎన్నిటికో జంట గీతలు. మామను పిలిచి చూపించాను. “ఇది ఎవరిది? కప్పగల్లోళ్లదా?” అన్నాడు. నీదే మామా అన్నాను. ఆయన చాలాసేపు చూశాడు. ఈసారి బస్సు టైమైనా వెళ్లలేదు. కూర్చుని, ఏ గీత ఏమిటో, పైనున్నది ఎవరిదో కిందున్నది ఎవరిదో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు. ఆ తరువాత ఏ పాడ్యమికీ ఆయన ఆ బయలుకు వెళ్లకుండా లేడు. దొడ్డి తలుపు తీస్తే నలుపూ తెలుపూ గోధుమరంగూ కలిసి బయటికి వచ్చేవి, బస్సులో జనం తలలు బయట పెట్టడం మానేశారు, మామ మాత్రం మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడటం మానలేదు. ఆయన పోయిన రోజున మా అత్త ఆయన మీద కప్పింది ఆ మంద బొచ్చుతో తాను వడికి నేయించిన మచ్చల కంబళినే.

ఇప్పుడు మా మామ కొడుకు లారీలు తిప్పుతున్నాడు. మంద లేదు, చెలక లేదు, ఆ బయల్లో ప్లాట్ల రాళ్లు పాతారు. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె ఈ మధ్య ఇంటికొచ్చి, చెవి కొసన చిటికెడు తీస్తే చాలు మేడం, మీరు ఒకటీ రెండూ చూసినచోట మేము వేలాదిగా చూస్తున్నాం అని కంప్యూటరు తెరిచి రంగురంగుల బొమ్మలు చూపించింది. సంతోషంతో నా గుండె నిండిపోయింది, మేము జావ కాచిన గదుల నుంచి ఇంత దూరం వచ్చామా అనిపించింది. మరి మందలెలా ఉన్నాయే అని అడిగాను. ఆ అమ్మాయి గొంతు తగ్గింది. ఇప్పుడు అందరూ ఫోనులో ఫొటో చూసి ఆ ఒక్క పేరున్న పొట్టేలు పిల్లలనే తెప్పించుకుంటున్నారు మేడం, మా బొమ్మల్లో మీరు చెప్పే ఒకే గీత మళ్లీ కనబడుతోంది అంది. కొలిచే సాధనం మా కాలంలో ఎంత చిన్నదో ఇప్పుడు అంత పెద్దదైంది, కొలవడానికి మా ముందున్న తేడాలే తగ్గిపోతున్నాయి. దానికి నాకు దిగులుగానే ఉంది, ఆ మాట దాచను.

నిన్న ఆ అంగడికి మళ్లీ వెళ్లి, అలాంటిదే ఇంకో కంబళి ఇవ్వు నాయనా, మా అత్తకు కావాలి అన్నాను. “యాడ తెచ్చేదమ్మా? అటక మీద అదొక్కటే మిగిలిండె. మచ్చ గొర్రెలు ఇప్పుడు యాడుండాయి?” అన్నాడు. ఏం చేస్తాను, నా కంబళినే తీసుకుని కంప్లి బస్సెక్కాను. అత్తకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. ఒళ్లో పెడితే రెండు చేతులా తడిమి, ఒక చోట వేళ్లాపి, “ఏ రంగుదే ఇది?” అని అడిగింది. మచ్చలదే అత్తా అన్నాను. ఆమె మరేమీ అడగకుండా దాన్ని గడ్డం దాకా లాక్కుంది.